గైడు ఉన్నా అడిగిందే అడుగుతున్నారా?

విజయవాడలో మా ఓపెన్ సోర్స్ (కోడ్ ఎవరైనా చూసి మార్చుకోగల సాఫ్ట్‌వేర్) బృందం ఆదివారాలు మొగల్రాజపురంలో ఒకరి మేడ గదిలో కూర్చుంటుంది. కోడ్ కన్నా మమ్మల్ని ఎక్కువ ఏడిపించింది, కొత్తవాళ్ళు పని ఎలా మొదలుపెట్టాలో చెప్పే గైడే.

సమస్య: కొత్తగా వచ్చినవాళ్ళంతా ఒకటే ప్రశ్న వేస్తారు

కారణం: జవాబు వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ ఫొటోల అడుగున ఉంది.

పరిష్కారం: అదే ప్రశ్న రెండోసారి వస్తే గ్రూపులో టైప్ చేయకండి. కాంట్రిబ్యూటింగ్ ఫైల్లో (ప్రాజెక్టులో ఎలా పాలుపంచుకోవాలో చెప్పే ఫైలు) రాసి లింకు పంపండి. ఆ ఫైలు రిపోజిటరీలో (ప్రాజెక్టు ఫైళ్ళన్నీ ఉండే చోటు) ఉంటే, ఇష్యూ (సమస్య చెప్పే పోస్టు) గానీ పుల్ రిక్వెస్ట్ (నా మార్పు కలపండని అడగడం) గానీ తెరిచేవాళ్ళకి, మన కోడ్ ఉంచే సైటు గిట్‌హబ్ దాని లింకు తనే చూపిస్తుంది.

సమస్య: గైడులో ఉన్నట్టే చేసినా పని జరగదు

ఇదే అసలు తలనొప్పి. గుంటూరు నుంచి ఒక అమ్మాయి కొత్త లాప్‌టాప్‌తో వచ్చింది. మా గైడు చూస్తూ గిట్ పుష్ (తన మార్పుల్ని గిట్‌హబ్‌కి పంపే కమాండ్) కొట్టింది. పాస్‌వర్డ్ అడిగింది, ఇచ్చింది, ఒప్పుకోలేదు. తప్పు కొట్టానేమోనని మూడుసార్లు కొట్టింది పాపం. 2021 ఆగస్టు 13 నుంచి గిట్‌హబ్‌లో గిట్ పనులకి పాస్‌వర్డ్ చెల్లదు. టోకెన్ (గిట్‌హబ్‌లో తయారుచేసుకునే రహస్య కోడ్) గానీ ఎస్ఎస్‌హెచ్ కీ (మన మెషీన్‌లో ఉండే తాళంచెవి లాంటి ఫైలు) గానీ ఉండాలి. మా గైడు అంతకన్నా పాతది. తర్వాత పిప్ ఇన్‌స్టాల్ (పైథాన్ ప్యాకేజీలు ఎక్కించే కమాండ్) దగ్గర ఇంకో ఎర్రర్. ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) 23.04 నుంచి సిస్టమ్ పైథాన్‌లోకి పిప్ నేరుగా ఏదీ ఎక్కించనివ్వదు. ముందు వెన్వ్ (ప్రాజెక్టుకి విడిగా పెట్టుకునే పైథాన్ ఫోల్డరు) తయారుచేసుకోవాలి.

కారణం: మా మెషీన్లు ఎప్పుడో సెట్ అయిపోయాయి. రాసినవాళ్ళెవరూ మళ్ళీ ఆ గైడు ముఖం చూడలేదు.

పరిష్కారం: ఆ సాయంత్రమే ఆ అమ్మాయి చేతే గైడు దిద్దించాం, మేం రివ్యూ మాత్రమే చేశాం. ఎక్కడ ఆగిపోయిందో వారం పోతే తనకీ గుర్తుండదు. ఇప్పుడు గైడు పైన 'ఉబుంటు 24.04లో చేసి చూశాం' అని తేదీతో రాస్తున్నాం. మూడు నెలలకోసారి ఖాళీ వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపలే నడిచే ఇంకో కంప్యూటర్) మొదటి లైను నుంచి చేస్తాం. కోడ్ మార్చి గైడు మార్చని పుల్ రిక్వెస్ట్‌ని నేనైతే మెర్జ్ చేయను (ప్రాజెక్టులో కలపను). చాదస్తం అనుకున్నా సరే.

సమస్య: రిలీజ్ చేయడం (కొత్త వెర్షన్ బయటికి వదలడం) ఒక్కరికే తెలుసు

సంక్రాంతికి ఆయన తెనాలి వెళితే ఇక్కడ అన్నీ ఆగిపోతాయి.

కారణం: ఆయన దాచుకోలేదు. చేతికి అలవాటైపోయి, చెప్పాల్సినది ఏముందిలే అనుకున్నాడు.

పరిష్కారం: తర్వాతి రిలీజ్ ఇంకొకరు చేయాలి. ఆయన పక్కన చేతులు కట్టుకుని కూర్చోవాలి, కీబోర్డు ముట్టకూడదు. ఆయన నోరు తెరిచినప్పుడల్లా ఆ మాట రాసుకోండి. మాకు మొదటిసారి పద్నాలుగు వాక్యాలొచ్చాయి. రెండు తిట్లు, అవి తీసేశాం.