పిల్లలకు కోరింత దగ్గు వస్తే ఇంట్లో ఏం చేయాలి? ఎప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాలి?

కోరింత దగ్గు మొదటి వారం, పది రోజులు అచ్చం మామూలు జలుబులాగే ఉంటుంది. ముక్కు కారుతుంది, ఒళ్లు కాస్త వెచ్చగా ఉంటుంది, పొడి దగ్గు వస్తుంది. వాతావరణం మారింది కదా అని సరిపెట్టుకుంటాం. కానీ మందు బాగా పనిచేసేది ఆ తొలి రోజుల్లోనే. అందుకే అనుమానం ముందే రావాలి.

1. దగ్గు తీరు గమనించండి

జలుబు తగ్గినా దగ్గు పెరుగుతూ, తెరలు తెరలుగా వస్తోందంటే జాగ్రత్తపడాలి. ఊపిరి తీసుకునే సందు లేకుండా దగ్గు మీద దగ్గు వస్తుంది. ముఖం కందిపోతుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. చివర్లో గాలి లోపలికి లాగేటప్పుడు ‘హూప్’ మని కూత వినిపిస్తుంది, వెంటనే వాంతి కావచ్చు. రాత్రిళ్లు ఇది మరీ ఎక్కువ. ఆ తెర దాటగానే పిల్లలు ఏమీ జరగనట్టు ఆడుకుంటారు, డాక్టర్ ముందు ఒక్కసారి కూడా దగ్గకపోవచ్చు. అందుకని ఒక తెరను ఫోన్‌లో వీడియో తీసి ఉంచండి. డాక్టర్‌కు అది చాలా ఉపయోగపడుతుంది.

2. పసిబిడ్డ అయితే ఆగకండి

ఆరు నెలల లోపు పిల్లల్లో ఈ కూత రాకపోవచ్చు, ఒక్కోసారి దగ్గు కూడా ఉండదు. ఊపిరి కొన్ని క్షణాలు ఆగిపోతుంది, అంతే. ఈ వయసులో ఇది ప్రాణాల మీదికి తెచ్చే జబ్బు. అనుమానం వచ్చిన రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఏ వయసు పిల్లలకైనా పెదవులు, నాలుక నీలంగా మారినా, ఊపిరి ఆగినా, ఫిట్స్ వచ్చినా, డొక్కలు ఎగరేసినా, లేపినా సరిగా లేవకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఏమీ తాగలేకపోతున్నా, ఆరేడు గంటలుగా మూత్రం పోయకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

3. మందు పూర్తిగా వాడండి

ఇది బోర్డెటెల్లా పెర్టుసిస్ అనే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. ముక్కు, గొంతు లోపలి నుంచి స్వాబ్ తీసి పరీక్ష చేస్తారు. సాధారణంగా అజిత్రోమైసిన్ 5 రోజులు ఇస్తారు. మోతాదు బిడ్డ బరువును బట్టి డాక్టరే చెప్పాలి. తెరలు మొదలయ్యాక మందు వేస్తే, అది ఇతరులకు అంటుకోకుండా ఆపుతుంది కానీ దగ్గును వెంటనే తగ్గించదు. కోర్సు అయిపోయాక కూడా దగ్గు వారాల తరబడి ఉంటుంది. మందు పనిచేయలేదని టెన్షన్ పడి డాక్టర్లను మార్చేస్తూ తిరగకండి.

4. దగ్గు తెర వచ్చినప్పుడు

బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి, కాస్త ముందుకు వంచి పట్టుకోండి. చంటిబిడ్డనైతే పక్కకు తిప్పండి. దగ్గుతుండగా నీళ్లు తాగించవద్దు, నోట్లో వేలు పెట్టవద్దు, వీపు మీద గట్టిగా చరచవద్దు. బయటికొచ్చిన కఫాన్ని మెత్తటి గుడ్డతో తుడవండి. మీరు కంగారుపడి ఏడిస్తే బిడ్డ ఇంకా బెదిరిపోతుంది, ఏడుపుతో మరో తెర వస్తుంది.

5. తిండి కొంచెం కొంచెంగా

వాంతి అయ్యాక పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ పెట్టండి. తెర అప్పుడే దాటి ఉంటుంది కాబట్టి తిన్నది నిలిచే అవకాశం ఎక్కువ. మెత్తగా కలిపిన పెరుగన్నం, జావ నాలుగు ముద్దలు తిన్నా చాలు. తల్లిపాలు మానవద్దు. రొమ్ము పట్టలేకపోతే పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టండి. వాంతులు ఎక్కువైతే ఓఆర్ఎస్ ఇవ్వండి.

6. ఇంట్లో పొగ వద్దు

సిగరెట్, దోమల కాయిల్, అగరొత్తి, పోపు ఘాటు... ఏదైనా తెరను రేపుతుంది. స్నానం చేయించాక సాంబ్రాణి పొగ వేయడం మనకు అలవాటే కానీ, ఈ జబ్బు ఉన్నప్పుడు పెద్దవాళ్లు ఎంత చెప్పినా వద్దనే అనండి. ముక్కులో నూనె చుక్కలు వేయవద్దు, అవి ఊపిరితిత్తుల్లోకి దిగే ప్రమాదం ఉంది. వీధిలో అమ్మే గాడిద పాలకు ఈ జబ్బును తగ్గించే గుణం లేదు, పైగా పచ్చి పాలతో కొత్త ఇన్‌ఫెక్షన్ రావచ్చు. దగ్గు సిరప్‌లు కూడా దీనికి పనిచేయవు, సొంతంగా కొని వేయకండి. ఏడాది దాటిన పిల్లలకు అర చెంచా తేనె ఇవ్వవచ్చు. ఏడాది లోపు తేనె నాకించడం ప్రమాదం.

7. మిగతావాళ్లను కాపాడండి

మందు మొదలుపెట్టి 5 రోజులు అయ్యేదాకా బిడ్డను బడికి పంపవద్దు. మందు వాడకపోతే 3 వారాలు ఇంట్లోనే ఉంచాలి. ఇంట్లో గర్భిణి గానీ చంటిబిడ్డ గానీ ఉంటే డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. దగ్గు లేకపోయినా ఇంటిల్లిపాదికీ మందు రాయవచ్చు.

మన దేశంలో కోరింత దగ్గు టీకా 6, 10, 14 వారాలకు, ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్‌గా, ఆపైన 16–24 నెలలకు, 5–6 ఏళ్లకు డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) బూస్టర్‌గా వేస్తారు. అంటే మొదటి ఆరు వారాలు బిడ్డకు సొంత రక్షణ ఉండదు. గర్భిణి 27 నుంచి 36 వారాల మధ్య టీడ్యాప్ (పెద్దవాళ్లకు వేసే, కోరింత దగ్గు నుంచీ కాపాడే టీకా) వేయించుకుంటే ఆ రక్షణ తల్లి నుంచే అందుతుంది. ఇక బారసాలకు దగ్గుతూ వచ్చినవాళ్లు ఎంత దగ్గరి బంధువులైనా బిడ్డను చేతికివ్వకండి. ఒకసారి ఈ దగ్గు వచ్చి తగ్గినవాళ్లకు మళ్లీ రాదన్న భరోసా లేదు, కాబట్టి వాళ్లకూ మిగిలిన డోసులు వేయించాల్సిందే.