పసిబిడ్డ వచ్చేలోగా పాత రంగు తీయించిన తీరు

శ్రీకాకుళంలోని మా పాత ఇంటికి మరమ్మతులు సాగుతుండగానే మాకు తొలిచూలు ఆడపిల్ల పుట్టింది. నా భార్య ఆమదాలవలసలో పుట్టింట ఉండగా, తలుపుల మీది పాత రంగు తీయించవలసి వచ్చింది. ఇంటి రంగులలో సీసం 90 పీపీఎంకు, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు, మించరాదన్న నిబంధన 2017 నవంబరులో గాని అమలులోకి రాలేదు కనుక, అంతకు ముందటి పూతలో సీసం ఉండవచ్చు. దానిని పొడిగా గీకితే లేచే దుమ్ము పసివారి మెదడుకు చేటు. అందుచేత ఎమరీ పేపరు మాన్పించి, చెక్కను తడిపి వాటర్ పేపరుతో రుద్దించి, కింద పరచిన టార్పాలిన్ మీద పడిన పచ్చని ముద్దను ఎండకముందే సంచిలో కట్టించాను. పని నెమ్మదించిందని మేస్త్రి విసుక్కున్నాడు గాని, ఈ ఒక్క విషయంలో ఎవరూ రాజీపడకూడదని నా గట్టి అభిప్రాయం. చీపురు ముట్టనీయక, సబ్బునీటి గుడ్డతో గడపలు, కిటికీ ఊచలు తుడిపించి, మంచినీటితో మళ్లీ తుడిపించాను. వంటగది పని మిగిలి ఉన్నా, ఉయ్యాల కట్టే గది ముందుగా సిద్ధమైంది. మూడో నెలలో తల్లీబిడ్డలు ఇంటికి వచ్చారు.