వాననీరు పునాది దగ్గర నిలవకుండా ఇంటి చుట్టూ వాలు సరిచేసుకోవడం

గోడ అడుగున చెమ్మ కనిపించగానే చాలామంది ముందు రంగు మారుస్తారు. నీరొచ్చే దారి మూయకుండా వేసిన రంగు మళ్లీ పొక్కులు లేచి ఊడిపోతుంది. కాబట్టి జోరువాన పడుతున్నప్పుడే గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. డాబా గొట్టం నీటిని ఎక్కడ వదులుతోంది, ఏ మూల మడుగు కడుతోంది, పక్క స్థలం నుంచి నీరేమైనా వస్తోందా చూసి, నిలిచిన చోటల్లా ఇటుకముక్క పెట్టి గుర్తుంచుకోండి.

100 చదరపు మీటర్ల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 1000 లీటర్లు. అదంతా ఒకటి రెండు గొట్టాల గుండా పునాది పక్కనే పడుతుంటుంది. అందుకే మొదటి పని గొట్టాలదే. అడుగున బెండు (వంపు గొట్టం) వేసి, కనీసం 2 మీటర్ల దూరం నీటిని తీసుకెళ్లండి. పైన నోటికి జాలీ పెట్టండి. ఎండుటాకులు అడ్డుపడినా డాబా చెరువు కాకుండా రెండో గొట్టం తప్పక ఉండాలి.

తర్వాత నేల. గోడ నుంచి మొదటి 3 మీటర్లలో 15 సెంటీమీటర్లు దిగాలి. దీన్ని కంటి అంచనాకు వదలొద్దు. మేస్త్రీలు వాడే లెవెల్ ట్యూబుతో, అంటే నీళ్లు నింపిన పారదర్శక గొట్టంతో కొలవండి. ట్యూబులో గాలిబుడగ ఒక్కటున్నా కొలత తప్పుతుంది. మట్టి పోయాల్సి వస్తే 15 సెంటీమీటర్ల పొరలుగా పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టండి. ఒకేసారి కుప్పగా పోసిన మట్టి తర్వాత గోడ పక్కనే కుంగుతుంది, వాలు ఇంటివైపు తిరుగుతుంది. పైన వేసిన గచ్చు కూడా దానితోపాటే దిగి, గోడకూ గచ్చుకూ మధ్య సందు పడుతుంది. నీళ్లు దిగేది ఆ సందులోంచే.

ప్రహరీకి, ఇంటికి మధ్య మీటరు జాగానే ఉంటే గచ్చుకి మీటరుకు 2 సెంటీమీటర్ల వాలిచ్చి, ప్రహరీ వెంట చిన్న కాలువ తీసి వీధివైపు నడిపించండి. పక్కింటి గోడకు మాత్రం వదలొద్దు. చెమ్మ వాళ్లింట్లోకి మారుతుందంతే.

అన్నిటికన్నా ఎక్కువగా చూసే పొరపాటు ఇంకోటి: గోడకు ఆనించి పూలపాదు కట్టడం, పాత గచ్చు తీయకుండా దానిమీదే టైల్స్ వేయడం. రెండింటివల్లా గోడ పక్క నేల ఎత్తు పెరుగుతుంది. పునాది మీద చెమ్మను ఆపే పొర ఒకటుంటుంది. బయటి నేల దానికి కనీసం 15 సెంటీమీటర్లు కిందుండాలి. మట్టి ఆ పొరను దాటిందంటే తడి నేరుగా గోడలోకి ఎక్కుతుంది. వాలు ఎంత బాగున్నా దీన్ని ఆపలేదు.

ఇంకుడు గుంత మంచిదే, పునాదికి 3 మీటర్ల అవతల తవ్వితే. ముందు అడుగు లోతు గుంట తీసి నీళ్లు పోసి ఇంకనివ్వండి. మళ్లీ నింపి గంట తర్వాత కొలవండి. ఒక సెంటీమీటరు కూడా దిగకపోతే ఆ నేల నీరు తాగదు, అక్కడ గుంత దండగ.

ఇక వీధి కాలువ. కారు ఎక్కడానికి గేటు ముందు కాలువను కాంక్రీటుతో పూడ్చేస్తే ఎగువనున్న ఇళ్లన్నీ మునుగుతాయి. సన్నటి పైపు వేసి పైన పూడ్చినా అంతే, అది మొదటి వానకే చెత్తతో మూసుకుపోతుంది. ఎత్తి తీయగలిగే పలకలు పరచండి. వానలు మొదలవకముందే ఎగువ, దిగువ ఇళ్లవాళ్లతో కలిసి ఒకేరోజు పూడిక తీయండి. మీ గేటు ముందు ఒక్కటే తీస్తే పైనుంచి కొట్టుకొచ్చే మట్టి అక్కడే చేరుతుంది.