ఫారంలో మూగ, ఇంట్లో వాగుడుకాయ: అరబ్బీ పిల్లల మాటల లెక్క ఎక్కడ తప్పుతోంది?

ఏడాదిన్నర పిల్లని కొత్త మనిషి ముందు కూర్చోబెట్టి మాట్లాడమంటే తల్లి ఒళ్లో మొహం దాచుకుంటుంది. అందుకే మాటల ఎదుగుదల గురించి కన్నవాళ్లనే అడుగుతారు. ఇందుకు ఎక్కువగా వాడేది మెక్‌ఆర్థర్-బేట్స్ ఇన్వెంటరీ. మాటల పట్టీ ఇస్తారు, పిల్లకి వచ్చినవాటికి తల్లి టిక్ పెడుతుంది. 8–18 నెలలకి ఒక ఫారం, 16–30 నెలలకి ఇంకోటి. అమెరికన్ ఇంగ్లీషులో ఈ రెండో ఫారంలో 680 మాటలుంటాయి. దీన్ని అరబ్బీలోకి తెచ్చాక ఎదురయ్యే తలనొప్పుల్లో ఎక్కువ భాగం కాగితంవే, పిల్లలవి కావు.

సమస్య: గలగలా మాట్లాడే పిల్లకి మార్కులే పడలేదు

కారణం: ముందు ఫారం ఏ అరబ్బీలో ఉందో చూడండి. పుస్తకాల్లో, వార్తల్లో వినిపించే ఫుస్‌హా వేరు, వంటింటి అరబ్బీ వేరు. పాలస్తీనా అరబ్బీ మాట్లాడే ఐదేళ్ల పిల్లల మాటల్లో ఉన్నదున్నట్టు ఫుస్‌హాకి సరిపోయేవి సుమారు ఐదో వంతేనని సైగ్-హద్దాద్ అనే పరిశోధకురాలు లెక్కతేల్చారు. ఫారంలో పిల్లికి 'ఖిత్తా' అని ఉంటుంది. కైరో పిల్ల 'ఒత్తా' అంటుంది, సిరియా పిల్ల 'బిస్సే', బాగ్దాద్ పిల్ల 'బజ్జూనా', కువైట్ పిల్ల 'గత్వా'. తల్లి కాగితం చూసి "మా పాప ఇలా అనదు" అని వదిలేస్తుంది. మన ఊళ్లో "మీ పాప మార్జాలం అంటుందా?" అని అడిగినా ఇదే జరుగుతుంది.

పరిష్కారం: ఆ ప్రాంతపు మాండలికంలో తయారైన ఫారమే వాడండి. సౌదీకి జెడ్డాలో రూపొందించినది ఉంది, ఈజిప్టుకీ పాలస్తీనాకీ కూడా విడివిడిగా ఉన్నాయి. అయితే ఒకచోటి ప్రమాణాలతో ఇంకోచోటి పిల్లని తూచకండి. మొరాకో పిల్లకి సౌదీ కొలబద్ద పనికిరాదు. సరైన ఫారం దొరక్కపోతే బొమ్మ చూపించి "ఇంట్లో దీన్ని ఏమంటుంది?" అని అడిగి, తల్లి చెప్పిన మాటే రాసుకోండి. ముద్దుమాటలూ లెక్కే. ఈజిప్టు పసివాళ్లు నీళ్లని 'ఉంబూ' అంటారు, అన్నాన్ని 'మమ్' అంటారు. మన 'మమ్మం' గుర్తొచ్చిందా? నాకూ అదే గుర్తొచ్చింది.

పలుకు తిరగకపోయినా మాట మాటే. 'కల్బ్' (కుక్క) అనలేక ప్రతిసారీ 'తల్బ్' అంటే టిక్ పెట్టాల్సిందే.

సమస్య: అన్నింటికీ టిక్కులే

కారణం: చిన్న పిల్లల ఫారంలో 'అర్థమవుతుంది', 'అర్థమవుతుంది, అంటుంది' అని రెండు గడులుంటాయి. హడావుడిలో రెండూ ఒకటైపోతాయి. పిల్ల మీద ముచ్చట కూడా ఓ చెయ్యి వేస్తుంది.

పరిష్కారం: అనుమానం ఉన్న నాలుగైదు మాటలు తీసుకుని "చివరిసారి ఎప్పుడంది? అప్పుడేం కావాలంది?" అని అడగండి. వెంటనే చిన్న కథ చెబితే నిజంగానే అంటోందని. "అంటుందిలెండి" దగ్గరే ఆగితే చెరిపేయండి. విని అప్పజెప్పిన పాట, ప్రార్థన లెక్కలోకి రావు. కానీ ఫుస్‌హా కార్టూన్ చూసి నేర్చుకున్న మాటని తనంతట తానే వాడుతోందా? అది వచ్చినట్టే.

సమస్య: రెండేళ్లు నిండాయి, రెండు మాటలు కలపడంలేదు

నాకు అన్నింటికంటే ఆసక్తిగా అనిపించే చిక్కు ఇది. ఇంగ్లీషు పిల్ల మూడు నాలుగు మాటలు పేర్చి చెప్పేదాన్ని అరబ్బీ పిల్ల ఒక్క మాటలో ముగిస్తుంది. పాలస్తీనాలో 'బిద్దీష్' అంటే 'నాకొద్దు'. అందులో కోరిక, నేను, కాదు మూడూ ఇమిడి ఉన్నాయి. ప్రశ్న మాత్రం "మాటలు కలుపుతుందా?" అని ఉంటే తల్లి నిజాయితీగా "లేదు" అంటుంది.

పరిష్కారం: ఈమధ్య విన్నవాటిలో బాగా పొడుగైన మూడింటిని ఉన్నదున్నట్టు రాయమనండి. తర్వాత ఆ ముక్కలు విడిగానూ కదులుతున్నాయా అని చూడండి. 'బిద్దీ' (నాకు కావాలి), 'బిద్దక్' (నీకు కావాలి) రెండూ అంటే పిల్లకి వ్యాకరణం పట్టుబడుతున్నట్టు. 'బిద్దీష్' ఒక్కటే వినిపిస్తే దాన్ని ముద్దగా కంఠస్థం చేసిందనుకోవాలి.

సమస్య: తల్లి చెప్పేదొకటి, ఇంట్లో వినిపించేదొకటి

కారణం: రోజంతా పిల్లతో ఉండేది అమ్మమ్మ కావచ్చు, గల్ఫ్ ఇళ్లలో పనిమనిషి కావచ్చు. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లిన మన ఆడవాళ్లు ఎందరో ఇలాంటి ఇళ్లలోనే పనిచేస్తున్నారు. వాళ్ల చేతుల్లో పెరిగే పిల్లకి ఓ తెలుగు మాట అంటుకున్నా తల్లికి అది మాటలా వినిపించదు.

పరిష్కారం: రోజంతా పిల్లని చూసుకునే మనిషినీ కూర్చోబెట్టి అడగండి. పిల్లకి రెండు భాషలుంటే రెండింటి మాటలూ కలిపి చూడాలి. తల్లికి చదువు రాకపోయినా, పట్టీ చూసి విసుగేసినా మీరే ఆవిడ యాసలో చదివి వినిపించండి, రెండు విడతల్లో అయినా సరే.

సమస్య: అన్నీ సరిచూసినా లెక్క తక్కువే

24 నెలలకి యాభై మాటల్లోపే ఉన్నా, ఏవీ కలపకపోయినా ఆలస్యమని అనుమానించడం మామూలు పద్ధతి. ఇది జబ్బు పేరు కాదు, కాబట్టి తల్లికి టెన్షన్ పెట్టకండి. అలాగని "మగపిల్లాడు కదా, వాడే మాట్లాడతాడు" అని ఇంటికి పంపేయకండి. మొదట వినికిడి పరీక్ష చేయించండి. పిలిస్తే తిరిగి చూస్తున్నాడా, కావాల్సినదాన్ని వేలితో చూపిస్తున్నాడా అని అడిగి రాసుకోండి. ఆ కాగితం, నింపిన ఫారం కలిపి స్పీచ్ థెరపిస్టుకి ఇవ్వండి.