పాత సీఆర్‌టీ (గాజు పిక్చర్ ట్యూబ్ ఉండే) మానిటర్‌లో బొమ్మ డల్‌గా వస్తోందా?

డబ్బా విప్పేముందు అద్దాన్ని పొడి గుడ్డతో తుడవండి. ఆ అద్దం దుమ్మును తెగ లాక్కుంటుంది, తుడిస్తేనే సగం వెలుగు తిరిగొచ్చిన మానిటర్లు ఉన్నాయి. తర్వాత మెనూలో కాంట్రాస్ట్ ఫుల్‌గా, బ్రైట్‌నెస్ మధ్యలో పెట్టండి. డల్‌గా ఉండటంతో పాటు రంగు కూడా మారి, పచ్చగానో నీలంగానో కనిపిస్తుంటే కంప్యూటర్ నుంచి వచ్చే వీజీఏ కేబుల్ పిన్ను ఏదైనా వంగిందేమో చూడండి.

ఇప్పుడు అసలు తేల్చుకోవాల్సింది: సెట్టింగ్ జారిందా, ట్యూబ్ వీక్ అయిందా? ఆన్ చేయగానే బాగా చీకటిగా ఉండి, అరగంట వేడెక్కాక కాస్త తేరుకుంటూ, తెల్లటి భాగాలు పక్కకి అలికినట్టు కనిపిస్తే అది ట్యూబే. దానికి కొత్త ట్యూబ్ వేయించే ఖర్చు దండగ. మొదటి నుంచీ ఒకే తీరుగా డల్‌గా ఉండి, అక్షరాలు మాత్రం స్పష్టంగా ఉంటే ఆశ ఉంది.

వెనక కవర్ తీస్తే, ట్యూబ్ మీది రబ్బరు టోపీ నుంచి వచ్చే లావు వైరు చివర ఫ్లైబ్యాక్ (ట్యూబ్‌కి హై వోల్టేజ్ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్) ఉంటుంది, మెకానిక్కులు ఎల్‌ఓటీ అంటారు. దాని మీద సాధారణంగా రెండు నాబ్‌లు ఉంటాయి, ఒకటి ఫోకస్, ఇంకోటి స్క్రీన్. మనకు కావాల్సింది స్క్రీన్. సోనీ ట్రినిట్రాన్ ట్యూబ్ ఉన్న కొన్ని మానిటర్లలో ఈ నాబ్ ఉండదు, సాఫ్ట్‌వేర్‌తోనే మార్చాలి, వాటిని కెలక్కండి.

మానిటర్ బాగా వేడెక్కాక గది చీకటి చేసి, పూర్తి నల్ల బొమ్మ పెట్టి, ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో స్క్రీన్ నాబ్‌ని కొంచెం కొంచెంగా తిప్పండి. నలుపు బూడిద రంగులోకి తిరగడం మొదలవగానే ఆపి, అది మళ్లీ మాయమయ్యేంత వరకు వెనక్కి తేవాలి, అంతే. వెలుగు కోసం ఆశపడి ఎక్కువ తిప్పితే తెర మీద ఏటవాలు గీతలు వస్తాయి, ట్యూబ్ ఇంకా త్వరగా అరిగిపోతుంది.

ఈ నాబ్ తిప్పడం కరెంటు ఉండగానే చేయాలి, లోపల 25,000 వోల్టుల దాకా ఉంటుంది. ఒక చెయ్యి జేబులో పెట్టుకోండి, ఉంగరాలూ వాచీ తీసేయండి, రబ్బరు టోపీ జోలికి అసలు పోవద్దు. ప్లగ్ పీకినా ట్యూబ్‌లో, పెద్ద కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది. చెయ్యి వణుకుతుందనుకుంటే పాత టీవీలు బాగుచేసే మెకానిక్‌కి ఇచ్చేయండి, ఐదు నిమిషాల పని.

నాబ్ తిప్పినా మార్పు లేకపోతే ట్యూబ్ మెడకి తగిలించిన బోర్డులో డ్రై సోల్డర్ (టంకం పట్టు వదలడం) ఉందేమో, పవర్ సప్లైలో కెపాసిటర్ ఉబ్బిందేమో చూడమని మెకానిక్‌కే చెప్పండి.