స్మాల్ బ్లాక్ షెవర్లే 350: ఆయిల్ పంపును ఎంచుకోవడం, బిగించే ముందు సిద్ధం చేయడం

ఇంజను శక్తిని పెంచే పనికి పూనుకున్నవారు క్యామ్‌షాఫ్టు గురించి, పిస్టన్ల గురించి వారాల తరబడి ఆలోచిస్తారు గానీ, ఆయిల్ పంపు దగ్గరకు వచ్చేసరికి దొరికినవాటిలో అన్నిటికన్నా పెద్దదాన్ని తెప్పించి, పెట్టెలోంచి తీసింది తీసినట్టే బిగించేస్తారు. ఈ రెండూ పొరపాట్లే. ఏ పంపు కావాలో బేరింగుల సందులను, అంటే బేరింగుకూ అందులో తిరిగే షాఫ్టుకూ మధ్య ఖాళీని, కొలిచిన తర్వాతే తేలుతుంది. ఆ పంపు ఎంత కొత్తదైనా, ఒకసారి విప్పి చూడకుండా ఇంజనులో పెట్టకూడదు. అమెరికాలో 1955లో మొదలై నేటికీ రేసు కార్లలో కనిపించే స్మాల్ బ్లాక్ షెవర్లే వీ8 ఇంజన్లలో, 1967లో వచ్చిన 350 ఘనపు అంగుళాల ఇంజనును దృష్టిలో పెట్టుకుని ఈ పని ఎలా చేయాలో వివరిస్తాను.

ఈ ఇంజనులో ఆయిల్ పంపు సంప్ (ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టి) లోపల, క్రాంకుషాఫ్టును పట్టి ఉంచే మెయిన్ బేరింగు క్యాపుల్లో వెనుకదానికి ఒకే ఒక్క బోల్టుతో వేలాడుతూ ఉంటుంది. డిస్ట్రిబ్యూటరు (స్పార్కు ప్లగ్గులకు విద్యుత్తును పంచే భాగం) అడుగు నుంచి వచ్చే చిన్న ఇంటర్మీడియట్ షాఫ్టు దాన్ని తిప్పుతుంది కనుక, క్రాంకు నిమిషానికి 6,000 చుట్లు తిరిగినప్పుడు పంపు 3,000 చుట్లే తిరుగుతుంది. లోపల పళ్లు కలిసి తిరిగే రెండు గేర్లు ఉంటాయి. నూనె వాటి మధ్య నుంచి కాకుండా, పళ్ల సందుల్లో చిక్కుకుని గోడల వెంబడి చుట్టి వస్తుంది. పంపు నిజానికి ఒత్తిడిని పుట్టించదు, నూనెను తోస్తుంది, అంతే. ఆ నూనె బేరింగుల ఇరుకు సందుల్లోంచి బయటపడటానికి పడే అవస్థే మనకు గేజి మీద ఒత్తిడిగా కనిపిస్తుంది. తోటకు నీళ్లు పెట్టే పైపు మూతిని బొటనవేలితో నొక్కితే ధార ఎందుకు దూరం పడుతుందో తెలిసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి ముందు కొలత. మెయిన్ క్యాపులను నిర్ణీత బిగువుకు బిగించి, జర్నళ్లను (క్రాంకులో బేరింగుల మీద తిరిగే గుండ్రటి భాగాలను) మైక్రోమీటరుతోనూ బేరింగు రంధ్రాలను డయల్ బోర్ గేజితోనూ కొలవాలి. జర్నల్ వ్యాసంలో అంగుళానికి ఒక వెయ్యో వంతు అంగుళం చొప్పున సందు ఉంచడం పాత లెక్క. 350లో మెయిన్ జర్నల్ 2.45 అంగుళాలు గనుక దాదాపు 0.0025 అంగుళం, అంటే 0.06 మిల్లీమీటరుకు కాస్త పైన, సరిపోతుంది. సందులు ఈ స్థాయిలో ఉండి, కారు ఎక్కువగా రోడ్డు మీదే తిరిగేదైతే మామూలు వాల్యూమ్ పంపే చాలు. సందులు 0.003 అంగుళం దాటినా, ఆయిల్ కూలరు గానీ పొడవాటి గొట్టాలతో దూరంగా అమర్చిన ఫిల్టరు గానీ ఉన్నా, అప్పుడు హై వాల్యూమ్ పంపుకు అర్థముంటుంది. మామూలు పంపులో గేర్ల ఎత్తు 1.2 అంగుళాలు, హై వాల్యూమ్ పంపులో 1.5 అంగుళాలు. అంటే ప్రతి చుట్టుకూ పావు వంతు ఎక్కువ నూనె వస్తుంది. హై ప్రెషర్ పంపు దీనికి భిన్నమైనది. అందులో గేర్లు మామూలువే, ఒత్తిడి హద్దు దాటితే తెరుచుకుని నూనెను వెనక్కి మళ్లించే రిలీఫ్ వాల్వు స్ప్రింగు మాత్రం గట్టిది. ఈ రెండింటినీ ఒకటిగా భావించి కొనేవారు చాలామంది ఉన్నారు.

నూనె బాగా వేడెక్కాక నిమిషానికి ప్రతి 1,000 చుట్లకు 10 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లలో ఒత్తిడి) ఉంటే చాలునన్నది అమెరికా మెకానిక్కుల పాత సూత్రం. 6,500 చుట్ల వరకు తిప్పే ఇంజనుకు 65 పి.ఎస్.ఐ. అన్నమాట. అంతకు మించి కోరుకుంటే ఖర్చు తప్పదు. పంపును తిప్పడానికి క్రాంకు శక్తి పోతుంది, డిస్ట్రిబ్యూటరు గేరు మీద, దాన్ని తిప్పే క్యామ్ గేరు మీద భారం పెరుగుతుంది, రిలీఫ్ వాల్వు గుండా పంపులోనే తిరిగి తిరిగి నూనె అనవసరంగా వేడెక్కుతుంది. పెద్ద పంపు సంప్‌ను ఖాళీ చేసేస్తుందన్న భయం మాత్రం, నా దృష్టిలో, చాలావరకు అతిశయోక్తే. రిలీఫ్ తెరుచుకున్నాక బేరింగులు ఆ ఒత్తిడి దగ్గర ఎంత తీసుకోగలవో అంతే ఇంజనులోకి వెళ్తుంది.

ఇక పంపును సిద్ధం చేయడం. మూత విప్పి, గేర్లు ఏ పళ్లతో ఏ పళ్లు కలిసి ఉన్నాయో మార్కరుతో గుర్తు పెట్టుకుని బయటకు తీయాలి. అడ్డుపిన్ను తీస్తే రిలీఫ్ వాల్వు స్ప్రింగు, చిన్న పిస్టను వస్తాయి. కొత్త పంపుల్లో కూడా పళ్ల అంచుల మీద, రంధ్రాల అంచుల మీద సన్నని లోహపు పొరలు మిగిలి ఉండటం సర్వసాధారణం. వాటిని సన్నని ఆకురాయితో సుతారంగా తీసేయాలే గాని, పళ్ల ముఖాలను అరగదీయకూడదు. తర్వాత కిరోసిన్‌తో కడిగి, గాలి కొట్టి ఆరబెట్టాలి. రిలీఫ్ పిస్టనుకు ఒక చుక్క నూనె రాసి దాని రంధ్రంలో వేస్తే తన బరువుకు తానే జారాలి. ఎక్కడైనా తట్టుకుంటే ఆ చోటును నునుపు చేయనిదే ముందుకు వెళ్లకూడదు. ఆ పిస్టను తెరుచుకుని ఇరుక్కుంటే ఒత్తిడి ఉండదు, మూసుకుని ఇరుక్కుంటే చలి ఉదయాన చిక్కటి నూనె ఫిల్టరునే ఉబ్బించి పగలగొట్టగలదు.

అన్నిటికన్నా ముఖ్యమైన కొలత గేర్లకూ మూతకూ మధ్య ఉండే సందు. గేర్లను స్థానంలో పెట్టి, పంపు ముఖం మీద అడ్డంగా ఉక్కు స్ట్రెయిట్ ఎడ్జ్ ఉంచి, ఫీలర్ గేజి ఆకును దాని కింద దూర్చి చూడాలి. 0.002 నుంచి 0.003 అంగుళం మధ్య ఉంటే మంచిది. ఎక్కువగా ఉంటే, మందపాటి అద్దం మీద 600 నంబరు ఎమరీ కాగితం పరిచి, నూనె చల్లి, పంపు ముఖాన్ని ఎనిమిది అంకె ఆకారంలో మెల్లగా రుద్దుతూ, మాటిమాటికీ కొలుస్తూ తగ్గించుకోవచ్చు. మూత లోపలివైపు గేర్లు గీసిన వలయాలుంటే దాన్నీ అలాగే చదును చేయాలి.

నూనెను పీల్చే పికప్ గొట్టం పంపులోకి బిగుతుగా దిగుతుంది గానీ, ఇంజను అదురుకు వదులై ఊడిపోవచ్చు. అందుకే దాన్ని బ్రేజింగ్‌తో (ఇత్తడి లాంటి లోహాన్ని కరిగించి అతికే పద్ధతితో) ఒకటి రెండు చోట్ల అతికిస్తారు. ఆ వేడికి స్ప్రింగు పదును పోతుంది కనుక, అతికేముందు రిలీఫ్ స్ప్రింగు బయటే ఉండాలి. అతికే ముందే పికప్ ఎత్తు కూడా సరిచూసుకోవాలి. స్టాండు మీద ఇంజనును తలకిందులుగా తిప్పి, పికప్ జల్లెడ మీద బంకమట్టి ముద్ద పెట్టి, గ్యాస్కెట్టుతో సహా సంప్‌ను అమర్చి తీస్తే ఆ ముద్ద మందమే సందు. అది 3/8 అంగుళం, అంటే దాదాపు 9.5 మిల్లీమీటర్లు ఉండాలి. పావు అంగుళం కన్నా తక్కువైతే జల్లెడకు నూనె అందదు, మరీ ఎక్కువైతే గట్టిగా బ్రేకు వేసినప్పుడు, మలుపు తిరిగినప్పుడు గాలి పీలుస్తుంది.

ఇంటర్మీడియట్ షాఫ్టుకు ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ తొడుగు వేస్తారు. వేడికి పెళుసై విరుగుతుంది గనుక, ఉక్కు తొడుగున్న షాఫ్టు వాడటం మేలు. పంపు బిగించకముందే షాఫ్టును కింది నుంచి అమర్చాలి. బ్లాకు పైముఖాన్ని గానీ హెడ్లను గానీ మెషీన్ చేయిస్తే ఇన్‌టేక్ మేనిఫోల్డు కిందికి దిగి, దానితో పాటు డిస్ట్రిబ్యూటరూ దిగుతుంది. అప్పుడు షాఫ్టు ఇరుక్కుని గేరును పంపు మూతకు నొక్కేస్తుంది. కాబట్టి మేనిఫోల్డు, డిస్ట్రిబ్యూటరు పెట్టి చూసినప్పుడు షాఫ్టుకు పైకీ కిందికీ కొద్దిపాటి కదలిక ఉండి తీరాలి. పంపుకూ క్యాపుకూ మధ్య గ్యాస్కెట్టు ఉండదు, రెండు ముఖాలూ శుభ్రంగా ఉండాలి. బోల్టును 65 అడుగు పౌండ్లకు, అంటే సుమారు 88 న్యూటన్ మీటర్లకు బిగించాలి. తర్వాత క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పి, పంపును ఏదీ తాకడం లేదని చూసుకోవాలి.

పంపు మూత వేసే ముందే గేర్ల చుట్టూ అసెంబ్లీ లూబ్ (బిగించేటప్పుడు రాసే చిక్కటి కందెన) నింపితే పంపు మొదటి చుట్టు నుంచే నూనెను పీల్చగలుగుతుంది. స్టార్ట్ చేసే ముందు డిస్ట్రిబ్యూటరు స్థానంలో ప్రైమింగ్ టూలు దించి, డ్రిల్లుతో పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పాలి. ఆ టూలుకు డిస్ట్రిబ్యూటరు బాడీ లాంటి తొడుగు ఉండటం తప్పనిసరి, ఎందుకంటే క్యామ్ మీద కదిలే లిఫ్టర్ల నూనె దారి అక్కడ తెరుచుకుని ఉంటుంది, అది మూయకపోతే ఒకవైపు రాకర్లకు (వాల్వులను తెరిచే చేతులకు) నూనె చేరదు. మొదట ఖాళీగా తిరిగిన డ్రిల్లు ఉన్నట్టుండి బరువెక్కి చేతిని మెలితిప్పబోతుంది. నూనె అందుకుందనడానికి అదే గుర్తు. అప్పుడు మరొకరి చేత క్రాంకును నెమ్మదిగా తిప్పిస్తూ, పదహారు రాకర్ల దగ్గరా నూనె ఊరేవరకు డ్రిల్లును ఆపకూడదు.