సింగిల్ మోడ్ ఫైబర్‌లోకి లేజర్ ఎక్కించాలంటే: రెండు అద్దాలు, నాలుగు నాబ్‌లు, ఒక ఎర్ర పెన్ను

లేజర్ కాంతిని సింగిల్ మోడ్ ఫైబర్‌లోకి, అంటే కాంతి ఒకే ఒక్క ఆకారంలో (మోడ్‌లో) నడిచే సన్నని గాజు తీగలోకి ఎక్కించడానికి మొదటిసారి నాకు మూడు రోజులు పట్టింది, అందులో రెండున్నర రోజులు పోయింది తప్పు ఫైబర్ వల్లే. హన్మకొండలో ఇంటర్నెట్ కేబుళ్ల సామాను అమ్మే దుకాణంలో పసుపు ప్యాచ్ కార్డ్ (చివర్లకు కనెక్టర్లు బిగించి ఉన్న ఫైబర్ తీగ) కొన్నాను. దాని మీద సింగిల్ మోడ్ అని రాసే ఉంది. మా హీలియం నియాన్ లేజర్‌ని, అంటే 632.8 నానోమీటర్ల ఎర్ర కాంతిని అందులోకి ఎక్కిస్తే అవతలి చివర చుక్క రాలేదు, మచ్చలు మచ్చలుగా ఏదో వచ్చింది, తీగని కొంచెం కదిపితే ఆ మచ్చలు కూడా మారిపోయాయి. వెళ్లి అడిగితే దుకాణం ఆయన నిమ్మళంగా "సింగిల్ మోడ్ అనే రాసున్నది గద సార్" అన్నాడు. ఆయన తప్పేం లేదు. ఆ టెలికాం ఫైబర్ దాదాపు 1260 నానోమీటర్ల పైనే సింగిల్ మోడ్, దాని కోర్, అంటే కాంతి నడిచే నడిమి గాజు, 8 మైక్రాన్ల పైచిలుకు ఉంటుంది, ఎర్ర కాంతికి అది చాలా వెడల్పు, చాలా మోడ్‌లు పడతాయి. ఎర్ర లేజర్‌కి కటాఫ్ (ఏ తరంగదైర్ఘ్యం పైన సింగిల్ మోడ్ అవుతుందో ఆ హద్దు) 600 నానోమీటర్ల లోపు ఉన్న ఎస్ఎమ్600 లాంటి ఫైబర్ కావాలి. అందులో కాంతి నడిచే వెడల్పు, అంటే మోడ్ ఫీల్డ్ వ్యాసం, సుమారు 4.3 మైక్రాన్లు. మన తల వెంట్రుక 70 అనుకోండి.

కొత్తవాళ్లకు ఒక మాట: బేర్ ఫైబర్ (కనెక్టర్ లేని ఉత్త తీగ) జోలికి పోకండి, రెండు చివర్లా ఎఫ్‌సీ కనెక్టర్ ఉన్న ప్యాచ్ కార్డ్ తీసుకోండి. తొక్క తీయడం, క్లీవ్ చేయడం (చివర నున్నగా కోయడం) తీగలు అతికే, అంటే స్ప్లైసింగ్ చేసే కుర్రాళ్లకు నిమిషం పని, మనకు మాత్రం చేతిలో గుచ్చుకునే గాజు ముక్కలే మిగులుతాయి.

తర్వాత లెన్స్. ఇక్కడ తప్పు చేస్తే అద్దాల నాబ్‌లు ఎంత తిప్పినా లాభం లేదు. లేజర్ చుక్క ఫైబర్ ముఖం మీద సరిగ్గా 4.3 మైక్రాన్లకు కుదించుకోవాలి, చిన్నదైనా పెద్దదైనా నష్టమే. లెక్క సులువు: బీమ్ వ్యాసాన్ని మోడ్ ఫీల్డ్ వ్యాసంతో గుణించి, దాన్ని π (పై, అంటే 3.14)తో గుణించి, నాలుగు రెట్ల తరంగదైర్ఘ్యంతో భాగించండి. మా బీమ్ 0.8 మిల్లీమీటర్లు కాబట్టి ఫోకల్ లెంగ్త్ 4.3 మిల్లీమీటర్ల దగ్గర వస్తుంది. అందుకని 4.5 మిల్లీమీటర్ల యాస్ఫెరిక్ లెన్స్ (ముఖం పూర్తి గోళాకారంలో ఉండని లెన్స్) వాడాం. అది లేకపోతే మైక్రోస్కోప్ 40ఎక్స్ ఆబ్జెక్టివ్ కూడా దాదాపు అంతే, నడిచిపోతుంది. ల్యాబ్‌లో తేరగా దొరికింది కదా అని 10ఎక్స్ పెట్టకండి, దాని ఫోకల్ లెంగ్త్ 16 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, చుక్క మూడు నాలుగు రెట్లు పెద్దదై సగానికి సగం కూడా లోపలికి పోదు.

లేజర్ ఆన్ చేసి అరగంట వేడెక్కనివ్వండి. ఉంగరం, గడియారం తీసేయండి, అద్దాల మీద నుంచి బీమ్ వాటి మీద పడితే ఎటు తిరుగుతుందో తెలీదు. ఫైబర్ చివర్లోకి కంటితో చూడొద్దు, కాంతి వస్తోందో లేదో చూడాలంటే తెల్ల కాగితం మీద పట్టండి.

ఇక అసలు పని. లేజర్ నుంచి బీమ్ మొదటి అద్దం మీద, అక్కడి నుంచి 20, 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్న రెండో అద్దం మీద, అక్కడి నుంచి లెన్స్‌లోకి, ఫైబర్‌లోకి. ఒక్కో అద్దానికి రెండు నాబ్‌లు, మొత్తం నాలుగు. నాలుగున్నప్పుడు గుడ్డిగా వెతకడం గడ్డివాములో సూది వెతకడమే. నేను ఆ పని చేశాను కాబట్టి చెప్తున్నాను. దానికి బదులు కేబుల్ వాళ్లు తెగిన తీగ ఎక్కడుందో చూడటానికి వాడే ఎర్ర లైట్ పెన్ను ఒకటి తెచ్చుకోండి, 650 నానోమీటర్లది. ఎఫ్‌సీ ఫెరూల్ (కనెక్టర్ కొసన ఫైబర్‌ని పట్టుకునే సన్న గొట్టం) 2.5 మిల్లీమీటర్లే కాబట్టి పెన్ను మూతిలో చక్కగా కూర్చుంటుంది. దాన్ని ఫైబర్ అవతలి చివర పెట్టి వెలిగించండి, మిణుకు మిణుకు కాకుండా నిలకడగా వెలిగే మోడ్‌లో.

ఇప్పుడు కాంతి వెనక నుంచి ముందుకు వస్తుంది: ఫైబర్ లోంచి లెన్స్‌లోకి, రెండో అద్దం మీదికి, మొదటి అద్దం మీదికి. అది కాస్త మసగ్గా ఉంటుంది, గదిలో లైట్లు ఆపండి. ముందు లెన్స్‌కీ ఫైబర్‌కీ మధ్య దూరం సరిచేయండి: ఈ బీమ్ అర మీటరు దూరం వరకు వెడల్పు పెద్దగా మారకుండా పోయిందంటే ఫోకస్ దాదాపు కుదిరినట్టే. ఆ తర్వాత రెండు అడుగులే. మొదటి అద్దం నాబ్‌లు తిప్పి లేజర్ చుక్కని రెండో అద్దం మీద ఉన్న పెన్ను చుక్క మీదికి తేవాలి. తర్వాత మొదటి అద్దం దగ్గర చూస్తూ, రెండో అద్దం నాబ్‌లతో పెన్ను చుక్కని లేజర్ చుక్క మీద కూర్చోబెట్టాలి. రెండుసార్లు ఇలా చేసి పెన్ను తీసి అక్కడ పవర్ మీటర్ పెడితే, 2 మిల్లీవాట్ల లేజర్‌లో ఐదో పదో మైక్రోవాట్లు వస్తాయి. ఆ రోజు సున్నా కాని అంకె కనపడగానే నేను అరిచిన అరుపుకి పక్క గదివాళ్లు పరుగెత్తుకొచ్చారు.

మీటర్ లేకపోతే సిలికాన్ ఫోటోడయోడ్‌ని రివర్స్‌లో 9 వోల్టుల బ్యాటరీకి, 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌కి కలిపి, రెసిస్టర్ మీద మల్టీమీటర్ పెట్టండి, మిల్లీవాట్‌కి 4 వోల్టుల దాకా చూపిస్తుంది.

అయితే మొదట కనపడే ఆ కాస్త కాంతిని నమ్మొద్దు. క్లాడింగ్‌లోంచి, అంటే కోర్ చుట్టూ ఉన్న గాజు పొరలోంచి దొంగతనంగా వచ్చేది కూడా మీటర్‌కి కాంతే. కాగితం మీద ఉంగరంలాగో చిందరవందరగానో కనిపిస్తే అది క్లాడింగ్, గుండ్రంగా నిండుగా కనిపిస్తూ, తీగని కదిపినా ఆకారం మారకుండా ఉంటే అది కోర్. తీగ కొన్ని మీటర్లు ఉంటే క్లాడింగ్ కాంతి దానంతటదే పోతుంది.

ఇక్కడి నుంచి పైకి ఎక్కడం ఓపిక పని. ఇరుకు గుమ్మంలోంచి ఇద్దరు మంచం పట్టుకుపోవడం చూశారు కదా, ముందున్నాయన కొంచెం పక్కకి జరుగుతాడు, వెనకున్నాయన సర్దుకుంటాడు. ఇదీ అంతే. అడ్డం నాబ్‌లతో (బీమ్‌ని పక్కకి జరిపేవాటితో) మొదలుపెట్టండి. మొదటి అద్దాన్ని కొంచెం తిప్పి పవర్‌ని కావాలనే ఓ 20 శాతం దించండి, తర్వాత రెండో అద్దంతో మళ్లీ గరిష్ఠానికి తేండి. ముందుకంటే ఎక్కువ వచ్చిందా, అదే దిక్కున ఇంకోసారి. తక్కువైందా, ఎదురు దిక్కు. అడ్డం అయ్యాక నిలువు, ఆపైన ఫోకస్, మళ్లీ అడ్డం. చాలామంది రెండో అద్దం ఒక్కదాన్నే తిప్పుతూ ఎక్కడో 15 శాతం దగ్గర గరిష్ఠం వచ్చేసిందనుకుని ఆగిపోతారు, అది పక్కనున్న చిన్న గుట్ట, అసలు కొండ కాదు. దించే ధైర్యం ఉంటేనే అక్కడి నుంచి బయటపడతారు.

ఎంత మెల్లగా తిప్పాలి? చుక్క ఫైబర్ ముఖం మీద ఒక్క మైక్రాన్ జరిగితే 20 శాతం పోతుంది. మామూలు అద్దం మౌంట్‌లో నాబ్‌ని గడియారంలో పెద్ద ముల్లు ఒక నిమిషం కదిలినంత తిప్పితే చాలు, చుక్క మైక్రాన్ పైనే జరుగుతుంది. ఫోకస్ అంత మొండి కాదు, 20 మైక్రాన్లు అటూ ఇటూ అయినా అంతే నష్టం. కనెక్టర్ వంపు ఒక డిగ్రీ తేడా వచ్చినా 3, 4 శాతమే పోతుంది, దాని గురించి టెన్షన్ పడొద్దు.

60, 70 శాతం వస్తే మంచి పనే. పూత లేని గాజు ముఖాలు ఒక్కోటి మూడున్నర శాతం వెనక్కి కొడతాయి కాబట్టి నూరు ఎలాగూ రాదు. 40 దగ్గర మొండికేస్తే నాబ్‌లు వదిలేసి ముందు కనెక్టర్ తుడవండి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన లెన్స్ టిష్యూతో ఒకే వైపుకి ఒక్కసారి. చొక్కా అంచుతో కాదు. లేజర్ పాయింటర్ వాడుతుంటే దాని బీమ్ కోలగా ఉంటుంది, దానితో ఆ 40కి మించి రావడం కష్టమే.

వేసవి సంగతి వేరే చెప్పాలి. మే నెలలో మా గది పొద్దున ఒక వేడి, మధ్యాహ్నం ఇంకో వేడి, కరెంటు పోయి ఏసీ ఆగితే అరగంటలో 65 శాతం 30 అవుతుంది. సీలింగ్ ఫ్యాన్ గాలికి అంకె ఊగుతూనే ఉంటుంది. ఒకసారి గాలి ఆపుదామని టేబుల్ చుట్టూ కొత్తవాడ షత్రంజి (నూలు జంపఖానా) కట్టాం, దాని నూలు పీచు లెన్స్ మీద పడి ఇంకో గంట పని పెట్టింది. ఇప్పుడు పాత అట్టపెట్టె బోర్లించి పెడుతున్నాం. మర్నాడు వచ్చేసరికి పవర్ పడిపోయి ఉంటే కంగారుపడి నాలుగు నాబ్‌లూ ముట్టుకోకండి, రెండో అద్దం రెండు నాబ్‌లు మాత్రం సర్దండి, సాధారణంగా అంతే సరిపోతుంది.